అనుభవం లేని డ్రైవరుకు ఫ్లాట్‌బెడ్ ట్రక్కు ఎవరిస్తారు? అమెరికాలో తొలి ఉద్యోగం వెనుక లెక్కలు

అమెరికాలో ట్రక్కు డ్రైవర్ల కొరత తీవ్రంగా ఉందన్న మాట చాలా ఏళ్లుగా వార్తల్లో వినిపిస్తూనే ఉంది. అదే దేశంలో, కొన్ని వారాలు డ్రైవింగ్ స్కూలుకు వెళ్లి, పరీక్ష గట్టెక్కి, కొత్త లైసెన్సు జేబులో పెట్టుకుని ఫ్లాట్‌బెడ్ ఉద్యోగాల ప్రకటనలు చదివే మనిషికి వాటిలో ఎక్కువవాటి చివర ఒకే షరతు కనిపిస్తుంది: కనీసం ఏడాది అనుభవం, కొన్నిచోట్ల రెండేళ్లు. మనుషులు దొరకడం లేదంటున్నవారే వచ్చిన మనిషిని వెనక్కి పంపుతున్నారంటే రెండు మాటల్లో ఒకటి అబద్ధమని అనిపించడం సహజం. నిజానికి రెండూ చాలావరకు నిజమే. అవి ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలియాలంటే స్టీరింగును కాసేపు పక్కన పెట్టి, ట్రెయిలర్ మీద సరుకును కట్టే పని గురించీ, ఆ పని చెడితే డబ్బు ఎవరు చెల్లిస్తారన్న దాని గురించీ మాట్లాడుకోవాలి.

## గోడలు లేని ట్రెయిలర్‌తో మారేదేమిటి

ఫ్లాట్‌బెడ్ అంటే గోడలూ కప్పూ లేని, బల్లపరుపుగా ఉండే ట్రెయిలర్. విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి ఇనుప చువ్వలు మోసుకొచ్చే పొడవాటి ట్రెయిలర్లను చూసినవారికి దాని ఆకారం కొత్తేమీ కాదు. అమెరికాలో ఇది సాధారణంగా 48 లేదా 53 అడుగుల పొడవు, ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు ఉంటుంది. సరుకు పెట్టే తలం నేల నుంచి సుమారు 5 అడుగుల ఎత్తులో ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో సరుకుతో కలిపి మొత్తం ఎత్తు 13 అడుగుల 6 అంగుళాలు దాటకూడదు కాబట్టి, దీని మీద ఎనిమిదిన్నర అడుగులకు మించిన ఎత్తున్న వస్తువును ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకువెళ్లడం కుదరదు. అంతకన్నా ఎత్తైన యంత్రాల కోసం వెనుక భాగం కిందికి దిగి ఉండే స్టెప్ డెక్, ఇంకా కిందికి దిగే లోబాయ్ ఉన్నాయి. నాలుగు వైపులా మూసి ఉన్న పెట్టెలాంటి ట్రెయిలర్‌ను డ్రై వ్యాన్ అంటారు. దానికే శీతల యంత్రం అమరిస్తే రీఫర్. స్కూలు ముగించి వచ్చే కొత్త డ్రైవర్లలో ఎక్కువమంది మొదట ఎక్కేది ఈ రెంటిలో ఏదో ఒకటి.

ట్రక్కు, ట్రెయిలర్, సరుకు కలిపి అంతర్రాష్ట్ర రహదారి మీద 80,000 పౌండ్లు, అంటే దాదాపు 36 టన్నులు మించకూడదు. అందులో సరుకు వాటా స్థూలంగా 45,000 నుంచి 48,000 పౌండ్లు. ఉక్కు చుట్టలు, దూలాలు, కలప, జిప్సం పలకలు, గొట్టాలు, ఇటుకలు, పొలం యంత్రాలు ఇలా ప్రయాణిస్తాయి. డ్రై వ్యాన్ డ్రైవరు వెనుక తలుపులు మూసుకుని, సీలు వేయించుకుని బయల్దేరతాడు. లోపల సరుకును అతడు చూడకపోవడం కూడా ఉంది. ఫ్లాట్‌బెడ్ డ్రైవరు విషయంలో క్రేను దూలాన్ని ట్రెయిలర్ మీద దింపి వెళ్లిపోయాక అసలు పని మొదలవుతుంది. ఎక్కడ చెక్క దిమ్మ వేయాలి, ఎక్కడ గొలుసు బిగించాలి, ఎక్కడ పట్టీ వేయాలి, పదునైన అంచు పట్టీని కోయకుండా మధ్యలో ఏం పెట్టాలి అన్నవన్నీ అతడి మీదే ఉంటాయి.

వాన తగలకూడని సరుకైతే పైన టార్ప్ కప్పాలి. మన లారీల మీద పట్టా కప్పడం చూసినవారికి పని అర్థమవుతుంది. తేడా ఏమిటంటే ఇక్కడ సాయం పట్టే క్లీనరు ఉండడు. కలప కోసం వాడే టార్ప్ పక్కల్లో 8 అడుగుల దాకా వేలాడుతుంది, ఉక్కు కోసం వాడేది 4 అడుగులు. పెద్దది 100 పౌండ్ల దాకా తూగుతుంది. చలికి వినైలు రేకులా బిగుసుకుపోతుంది, గాలి వీస్తే తెరచాపలా లేస్తుంది. ఫ్లాట్‌బెడ్ డ్రైవర్లకు తగిలే గాయాల మాట వస్తే రోడ్డు ప్రమాదాలతో పాటు ఈ సరుకు మీద నుంచి జారిపడడం గురించీ చెప్పుకోవాలి. అందుకే కొన్ని ఉక్కు మిల్లుల్లో నడుముకు తాడు తగిలించుకోనిదే పైకి ఎక్కనివ్వరు.

## లైసెన్సు ఏం నేర్పుతుంది, ఏం నేర్పదు

ఈ బండి నడపడానికి కావలసింది క్లాస్ ఏ వాణిజ్య లైసెన్సు. అందరూ సీడీఎల్ అంటారు. బండి, ట్రెయిలర్ కలిపి నిర్ణీత బరువు 26,001 పౌండ్లు లేదా అంతకు మించి, అందులో ట్రెయిలర్ 10,000 పౌండ్లు దాటితే ఈ తరగతి లైసెన్సు తప్పనిసరి. ముందు అభ్యాసకుల పర్మిట్ తీసుకుని, కనీసం 14 రోజులు గడిచాకే డ్రైవింగ్ పరీక్షకు కూర్చోవచ్చు. ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి సరుకు తీసుకువెళ్లాలంటే 21 ఏళ్లు నిండాలి. గరిష్ఠంగా రెండేళ్లు చెల్లే వైద్య ధ్రువపత్రం ఉండాలి. మాదకద్రవ్యాల పరీక్షలో పట్టుబడిన వివరాలు 2020 జనవరి నుంచి క్లియరింగ్‌హౌస్ అనే సమాఖ్య నమోదులో చేరుతున్నాయి. నియామకానికి ముందు కంపెనీ దాన్ని చూసి తీరాలి.

2022 ఫిబ్రవరి 7 నుంచి మరో మెట్టు చేరింది. కొత్తగా సీడీఎల్ తీసుకునేవారు సమాఖ్య నమోదులో ఉన్న శిక్షణ సంస్థలోనే నేర్చుకోవాలి. వినడానికి గట్టి నిబంధనే. అయితే ఇన్ని గంటలు బండి నడిపించాలన్న కనీస పరిమితిని సమాఖ్య ప్రభుత్వం పెట్టలేదు. అభ్యర్థికి వచ్చేసిందని శిక్షకుడు ధ్రువీకరిస్తే చాలు. పైగా సంస్థలు తమకు అర్హతలున్నాయని తామే ప్రకటించుకుని నమోదు కావచ్చు. ఆ సడలింపు ఫలితం 2025 డిసెంబరులో బయటపడింది: ప్రమాణాలు పాటించడం లేదంటూ దాదాపు 3,000 శిక్షణ సంస్థలను నమోదు నుంచి తొలగించే చర్య చేపట్టినట్లు రవాణా శాఖ ప్రకటించింది. అలాంటి చోట డబ్బు కట్టిన విద్యార్థికి చేతిలో లైసెన్సు ఉన్నా, నియామకం చేసే కంపెనీ ఆ స్కూలు పేరు చూసి పక్కన పెట్టడం మామూలే.

మంచి స్కూలైనా నేర్పేది తిప్పడం, వెనక్కి తీసుకోవడం, బ్రేకుల తనిఖీ. సరుకు బిగింపు పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయం మాత్రమే. శిక్షణకు వాడే ట్రెయిలర్ చాలాసార్లు ఖాళీ డ్రై వ్యాన్. అంటే ఫ్లాట్‌బెడ్ కంపెనీ దృష్టిలో కొత్త సీడీఎల్ ఉన్న మనిషికి సగం పని వచ్చు. మిగతా సగం ఎవరో ఒకరు తమ ఖర్చుతో, తమ బాధ్యత మీద నేర్పాలి.

## 44,000 పౌండ్ల దూలాలకు ఎన్ని పట్టీలు: ఒక లెక్క

ఆ మిగతా సగం ఎంత లోతైనదో ఒక ఉదాహరణతో తెలుస్తుంది. 40 అడుగుల పొడవు, 44,000 పౌండ్ల బరువు ఉన్న ఉక్కు దూలాల కట్ట ఒకటి ట్రెయిలర్ మీద ఉందనుకుందాం. ముందు వైపు దాన్ని ఆపే అడ్డు ఏదీ లేదు. సమాఖ్య నిబంధనలు రెండు వేర్వేరు లెక్కలు అడుగుతాయి. రెంటిలో ఏది పెద్దదైతే అది వర్తిస్తుంది.

మొదటిది పొడవు లెక్క. 10 అడుగుల దాకా ఉన్న వస్తువుకు రెండు కట్లు (పట్టీ గానీ గొలుసు గానీ), ఆపై ప్రతి 10 అడుగులకూ లేదా అందులో భాగానికీ మరొకటి. 40 అడుగులకు రెండూ మూడూ కలిపి 5. రెండోది బరువు లెక్క. అన్ని కట్ల పని భార పరిమితి కలిపితే సరుకు బరువులో కనీసం సగం రావాలి, అంటే 22,000 పౌండ్లు. పని భార పరిమితి అంటే ఆ పట్టీ తెగే బరువు కాదు. రోజువారీగా భద్రంగా మోయగలదని తయారీదారు ముద్రించిన బరువు. 4 అంగుళాల పట్టీ మీద సాధారణంగా 5,400 పౌండ్లని ఉంటుంది. ఒక పక్క నుంచి సరుకు మీదుగా అవతలి పక్కకు వేసిన ప్రతి పట్టీకీ ఆ పరిమితి పూర్తిగా లెక్కకు వస్తుంది. అయిదు పట్టీలకు 27,000. సరిపోయింది.

ఇప్పుడు ఆ పట్టీల మీద ముద్రించిన చీటీలు ఎండకూ మట్టికీ చెరిగిపోయాయనుకుందాం. గుర్తు లేని 4 అంగుళాల పట్టీకి నిబంధనల పట్టిక ఇచ్చే విలువ 4,000 పౌండ్లే. అయిదు పట్టీలు 20,000 దగ్గర ఆగిపోతాయి, ఆరోది కావాలి. పట్టీలు అవే, సరుకూ అదే. అయినా తనిఖీ అధికారి ఆ బండిని అక్కడే నిలిపివేయవచ్చు. మరో మెలిక కూడా ఉంది. గొలుసును ట్రెయిలర్ మీది కొక్కెం నుంచి నేరుగా యంత్రం మీది కొక్కేనికి తగిలిస్తే, అవతలి పక్కకు వెళ్లదు కాబట్టి దాని పరిమితిలో సగమే లెక్కకు వస్తుంది. గ్రేడ్ 70 రకం, అంగుళంలో ఎనిమిదింట మూడు వంతుల మందమున్న గొలుసుకు 6,600 పౌండ్లు. ఇలా తగిలిస్తే 3,300.

ఈ సంఖ్యల వెనుక భౌతికశాస్త్రం ఉంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు సరుకు తన బరువులో 0.8 వంతు బలంతో ముందుకు, పక్కలకు 0.5 వంతు బలంతో తోస్తుందని అంచనా వేసి, ఆ తాకిడిని తట్టుకునేలా బిగింపు ఉండాలని నిబంధన. డ్రైవరు క్యాబిన్ సరిగ్గా ఆ ముందు వైపే ఉంటుంది. బయల్దేరిన మొదటి 50 మైళ్లలోపు ఒకసారి, ఆ తరువాత ప్రతి 150 మైళ్లకు లేదా 3 గంటలకు లేదా డ్యూటీ స్థితి (నడపడం, విరామం వంటిది) మారినప్పుడు, ఏది ముందైతే అప్పుడు, దిగి కట్లను మళ్లీ చూడాలి. కదిలే బండిలో కలప ఒదిగిపోతుంది, పట్టీ సాగుతుంది, బిగింపు వదులవుతుంది.

## తలుపులు మూసేది బీమా

ఈ పని తెలియని మనిషికి ట్రక్కు అప్పగిస్తే నష్టం ఎవరిది? అంతర్రాష్ట్ర సరుకు రవాణా కంపెనీకి చట్టప్రకారం కనీసం 7,50,000 డాలర్ల బాధ్యతా బీమా ఉండాలి. 1980ల నుంచి మారని ఈ మొత్తం, ఈ రోజు ఒక ఘోర ప్రమాదంలో ఆసుపత్రి ఖర్చులకే చాలకపోవచ్చు. న్యాయస్థానంలో బాధితుల న్యాయవాది మొదట అడిగేది ఈ డ్రైవరుకు శిక్షణ ఎవరిచ్చారు, ఎన్ని రోజులిచ్చారు అని. అందుకే పది ట్రక్కులున్న చిన్న యజమాని మనిషిని చూసి ముచ్చటపడినా, అతడి బీమా సంస్థ రెండేళ్ల అనుభవం లేనివారిని పాలసీలో చేర్చుకోనంటే అక్కడితో మాట అయిపోయినట్టే. ప్రకటన చివర కనిపించే షరతు తరచుగా యజమాని పెట్టింది కాదు, బీమా సంస్థది.

వందల, వేల ట్రక్కులున్న కంపెనీ కథ వేరు. నష్టంలో పెద్ద భాగాన్ని తానే భరించే ఏర్పాటు దానికి ఉంటుంది. సొంత శిక్షణ కేంద్రం, బోధకులు, ప్రత్యక్షంగా వెంట తిప్పే శిక్షక డ్రైవర్లు ఉంటారు. కొత్తవారిని ఫ్లాట్‌బెడ్‌లోకి నేరుగా తీసుకున్న చరిత్ర ఉన్న పేర్లు ఎక్కువగా ఇలాంటివే: ఆర్కాన్సాలోని మావెరిక్, అయోవాలోని టీఎంసీ, ఓక్లహోమాలోని మెల్టన్, అలబామాలోని మెకెల్రాయ్, మిస్సోరిలోని ప్రైమ్. వాటి నియామక విధానాలు ఏటా, ఒక్కోసారి త్రైమాసికానికీ మారతాయి కాబట్టి ఈ పేర్లను ఈనాటి ఖాళీల జాబితాగా కాక, ఎలాంటి కంపెనీ తలుపు తెరుస్తుందో చెప్పే నమూనాలుగా చూడాలి.

నివాసం ఎక్కడన్నది కూడా నిర్ణయాత్మకం. ఉక్కు, కలప ఎక్కడ పుడితే ఫ్లాట్‌బెడ్ అక్కడ తిరుగుతుంది: అలబామాలోని బర్మింగ్‌హామ్, ఆర్కాన్సాలోని బ్లైత్‌విల్, ఇండియానాలోని గ్యారీ, హ్యూస్టన్ చుట్టుపక్కల గొట్టాల గోదాములు, జార్జియా కలప మిల్లులు. ఈ దారుల మీద ఇల్లున్నవారిని వారాంతానికి ఇంటికి చేర్చడం కంపెనీకి తేలిక; నిర్మాణ స్థలాలు శని, ఆదివారాల్లో చాలావరకు మూసి ఉండడం దీనికి కలిసొస్తుంది. అదే మోంటానాలో ఉన్న అభ్యర్థికి ఎంత మంచి రికార్డున్నా మా పరిధిలో లేరన్న సమాధానమే రావచ్చు. కాలం కూడా అంతే. నిర్మాణపు పనులు ఊపందుకునే వసంతం నుంచి వేసవి మొదటి భాగం దాకా ఫ్లాట్‌బెడ్‌కు గిరాకీ, చలికాలంలో మందకొడి. 2022 తరువాత సరుకు రవాణా మార్కెట్ చాలాకాలం నీరసంగా సాగింది. దిగుమతి ఉక్కు మీద సుంకం 2025 జూన్‌లో 50 శాతానికి పెరగడం వంటి నిర్ణయాలు ఏ మిల్లు నుంచి ఎటు లోడు కదులుతుందన్న దాన్ని మారుస్తూ వచ్చాయి.

## కొరతా, వచ్చి వెళ్లిపోవడమా

మొదట వచ్చిన వైరుధ్యానికి ఇప్పుడు తిరిగి రావచ్చు. 2021లో అమెరికన్ ట్రకింగ్ అసోసియేషన్స్ దేశంలో 80,000 మంది డ్రైవర్ల కొరత ఉందని అంచనా వేసింది. పెద్ద కంపెనీల తరఫున మాట్లాడే సంఘం అది. పదవీ విరమణలు ఎక్కువ, యువత రాక తక్కువ, ఇంటికి దూరంగా ఉండే పనిని ఇష్టపడేవారు తగ్గారు అన్నవి దాని వాదనలు. సొంత ట్రక్కుల డ్రైవర్ల సంఘం ఓఓఐడీఏ దీన్ని ఒప్పుకోదు. లైసెన్సులు ఏటా లక్షల్లో జారీ అవుతున్నాయనీ, మనుషులు లేక కాదు, జీతమూ గౌరవమూ లేక వెళ్లిపోతున్నారనీ అంటుంది. కార్మిక గణాంక సంస్థ పత్రికలో 2019లో వచ్చిన బర్క్స్, మొనాకోల అధ్యయనం కూడా ఈ శ్రామిక మార్కెట్ మిగతా వాటిలాగే పనిచేస్తోందనీ, జీతాలు పెరిగితే మనుషులు వస్తారనీ తేల్చింది.

రెండు పక్షాలూ కాదనలేనిది ఒకటుంది. పెద్ద ట్రక్‌లోడ్ కంపెనీల్లో ఏడాదిలో పని వదిలి వెళ్లే డ్రైవర్ల నిష్పత్తి ఎన్నోసార్లు 90 శాతం దాటింది. కొందరు రెండు వారాలకే వెళ్తారు, అదే సీటు ఏడాదిలో మూడుసార్లు నిండుతుంది. కొత్తవారికి తలుపులు తెరిచి ఉండేది ప్రధానంగా ఇలా ఖాళీ అవుతూ ఉండే సీట్లలోనే. అంటే కొరత ఉన్నది పని బాగున్న చోట కాదు. పని బాగున్న చోటికి అనుభవం లేకపోవడం అడ్డు. తొలి ఉద్యోగం అన్నది ఈ రెండు చోట్ల మధ్య ఉన్న వంతెనకు కట్టే సుంకం లాంటిదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఆ సుంకం ఏ రూపంలో వసూలవుతుందన్నదే మిగిలిన ప్రశ్న.

## శిక్షణ ఒప్పందంలో దాగిన ధర

ఒక రూపం శిక్షణ ఒప్పందం. కంపెనీయే స్కూలు ఫీజు భరించి, బదులుగా ఇంతకాలం తన దగ్గరే పనిచేయాలని రాయించుకుంటుంది. ఉదాహరణకు ఫీజు 6,000 డాలర్లు, గడువు 12 నెలలు అనుకుందాం. ఎనిమిదో నెల చివర డ్రైవరు వెళ్లిపోతే, ఒక ఒప్పందం నెలకు 500 చొప్పున మాఫీ చేస్తూ వచ్చి 2,000 మాత్రమే అడుగుతుంది. మరో ఒప్పందం గడువు పూర్తి కానందున మొత్తం 6,000 అడుగుతుంది. రెంటినీ మాటల్లో చెప్పేటప్పుడు నియామక ప్రతినిధి ఉచిత శిక్షణ అనే అంటాడు. డ్రైవరు తానుగా వెళ్లడం, కంపెనీ తొలగించడం ఒకటేనా, మైళ్లు సరిగా ఇవ్వకపోయినా అప్పు ఉంటుందా అన్నవి రాతలోనే తేలతాయి. కంపెనీల వాదనలోనూ పస ఉంది: ఖర్చుపెట్టి నేర్పించిన మనిషి మరుసటి నెల పక్క కంపెనీకి వెళ్తే శిక్షణ ఇవ్వడమే మానుకోవాలి.

సొంత డబ్బుతో ప్రైవేటు స్కూలులోనో, తక్కువ ఫీజుండే కమ్యూనిటీ కాలేజీలోనో చదివితే ఈ ముడి ఉండదు. అయితే మరో గడియారం నడుస్తుంది: లైసెన్సు వచ్చి కొన్ని నెలలు బండి నడపకుండా గడిస్తే చాలా కంపెనీలు ఆ శిక్షణ పాతబడిందని, మళ్లీ స్కూలు చేసి రమ్మంటాయి.

## మైలుకు ఇంత, లోడులో ఇంత: జీతపు లెక్కలు

కార్మిక గణాంక సంస్థ ప్రకారం 2024 మేలో భారీ ట్రక్కు డ్రైవర్ల మధ్యస్థ వార్షిక జీతం 57,440 డాలర్లు. ఆ సంఖ్య కొత్త ఫ్లాట్‌బెడ్ డ్రైవరుకు పెద్దగా ఏమీ చెప్పదు, ఎందుకంటే అతడికి జీతం గంటల మీద రాదు. అంతర్రాష్ట్ర డ్రైవర్లను 1938 నాటి కార్మిక ప్రమాణాల చట్టం ఓవర్‌టైమ్ నిబంధన నుంచి మినహాయించింది కూడా. కొన్ని కంపెనీలు మైలుకు ఇన్ని సెంట్లని ఇస్తాయి, కొన్ని లోడు ఆదాయంలో శాతం ఇస్తాయి. కిందివి కేవలం లెక్క కోసం తీసుకున్న అంకెలు.

800 మైళ్ల లోడుకు కంపెనీకి 2,400 డాలర్లు వస్తుందనుకుందాం. శాతం లెక్కన జీతం తీసుకునే ‘శాతం డ్రైవరు’కు 25 శాతం, అంటే 600. మైలు డ్రైవరుకు 55 సెంట్ల చొప్పున 440. శాతమే మేలనిపిస్తుంది. కానీ ఆ లోడు అందుకోవడానికి ముందు 250 మైళ్లు ఖాళీగా వెళ్లాలి. శాతం డ్రైవరుకు ఆ దూరానికి ఏమీ రాదు. ఖాళీ మైళ్లకూ చెల్లించే కంపెనీలో మైలు డ్రైవరుకు 1,050 మైళ్లకు 577 డాలర్ల 50 సెంట్లు వస్తుంది. తేడా 160 నుంచి 22.50కి కుదించుకుపోయింది. మార్కెట్ పడిపోయి అదే లోడు 2,000కు కదిలితే శాతం డ్రైవరుకు వచ్చేది 500. అప్పుడు మైలు డ్రైవరే ముందుంటాడు.

ఇంతకన్నా ముఖ్యమైన లెక్క చక్రాలు తిరగని గంటలది. డ్యూటీ మొదలైన తరువాత 14 గంటల వ్యవధిలోనే, గరిష్ఠంగా 11 గంటలు నడపడానికి చట్టం అనుమతిస్తుంది. డ్రైవరు ఉదయం 6కు మొదలుపెట్టి గంట నడిపి మిల్లు చేరాడు. 7 నుంచి 10 దాకా వరుసలో నిరీక్షణ. తరువాత గంటన్నర గొలుసులు, పట్టీలు, టార్ప్. 11:30కి గేటు దాటేసరికి, రాత్రి 8కి ముగిసే ఆ వ్యవధిలో ఎనిమిదిన్నర గంటలే మిగిలాయి; అందులోనే కట్ల తనిఖీలు, డీజిలు, విరామం. మిల్లులో గడిచిన నాలుగున్నర గంటలకు అతడికి వచ్చేది టార్ప్ వేసినందుకు 50 డాలర్లు, మొదటి రెండు గంటల నిరీక్షణ ఉచితం కాబట్టి మూడో గంటకు 15 డాలర్లు: మొత్తం 65, గంటకు 14 డాలర్ల చిల్లర. రోడ్డు మీద గంటకు 60 మైళ్లు నడిపితే అదే మనిషికి గంటకు 33 డాలర్లు. చేయి తిరిగినవాడు గంటన్నర పనిని నలభై అయిదు నిమిషాల్లో ముగిస్తాడు. మొదటి నెలలో ఉన్నవాడికి మూడు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఒకే కంపెనీలో, ఒకే రేటు మీద, ఇద్దరి వారపు చెక్కులు అంత తేడాగా ఎందుకుంటాయో చెప్పే కారణాల్లో ఇది పెద్దది.

జీతం చాలలేదనిపించిన ఈ దశలోనే లీజు ప్రస్తావన వస్తుంది. ట్రక్కును కంపెనీ నుంచే వారం వారం కంతులతో తీసుకుని, అదే కంపెనీ లోడ్లు నడిపి, చివరికి యజమాని కావచ్చునన్నది ప్రతిపాదన. కంతు, బీమా, మరమ్మతు నిధి లోడు వచ్చినా రాకపోయినా కోతపడతాయి. లోడు ఇచ్చేదీ, కంతు తీసుకునేదీ ఒకే చేయి. 2021 మౌలిక వసతుల చట్టం కింద ఏర్పడిన ట్రక్కు లీజింగ్ కార్యదళం 2025 జనవరిలో ఇచ్చిన నివేదికలో ఈ పద్ధతిని నిషేధించాలనే సిఫార్సు చేసింది. పెట్టుబడి లేనివారికి యజమాని అయ్యే దారి ఇదొక్కటేనన్నది సమర్థించేవారి మాట.

## 2025 మార్పులు, అమెరికాలోని తెలుగువారు

2025 జూన్ 25 నుంచి, రహదారి తనిఖీలో ఇంగ్లిషులో మాట్లాడలేని, సూచికలు చదవలేని డ్రైవరును అక్కడికక్కడే నిలిపివేస్తున్నారు. నిబంధన పాతదే, అమలు కొత్తది. అదే సంవత్సరం ఆగస్టులో ట్రక్కు డ్రైవర్లకు ఉద్యోగ వీసాల జారీని ఆపుతున్నట్లు విదేశాంగ శాఖ ప్రకటించింది. సెప్టెంబరు చివర్లో, శాశ్వత నివాసం లేనివారికి ఇచ్చే ప్రత్యేక తరహా సీడీఎల్‌ను తాత్కాలిక పొలం పనుల హెచ్-2ఏ, ఇతర తాత్కాలిక పనుల హెచ్-2బీ, పెట్టుబడిదారుల ఈ-2 వీసాలవారికే పరిమితం చేస్తూ అత్యవసర నిబంధన వచ్చింది. నవంబరులో అప్పీళ్ల న్యాయస్థానం దాని అమలును నిలిపివేసింది. ఆ తరువాత కూడా కదులుతూ వచ్చిన వ్యవహారం కాబట్టి, పని అనుమతి పత్రం మాత్రమే ఉన్నవారికి దరఖాస్తు రోజున రాష్ట్ర లైసెన్సు కార్యాలయం అమలు చేస్తున్న నిబంధనే ప్రమాణం.

పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉన్న తెలుగువారికి ఈ గొడవ లేదు. వారు తీసుకునేది మామూలు సీడీఎల్. హెచ్-1బీ మీద ఉన్నవారు తమ పేరున దరఖాస్తు చేసిన యజమాని దగ్గర ఆ వృత్తిలోనే పనిచేయాలి కాబట్టి, వారాంతాల్లో ట్రక్కు నడపడం వీసా ఉల్లంఘన అవుతుంది. ఎఫ్-1 విద్యార్థికీ ఈ దారి లేదు. సాఫ్ట్‌వేరు ఉద్యోగం పోయి, కొత్తది వెతుక్కోవడానికి వీసా ఇచ్చే అరవై రోజుల గడువులో ఉన్నవారి మధ్య ట్రకింగ్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఈ తేడా మరుగున పడుతూ ఉంటుంది.

## ముందు డ్రై వ్యాన్ నడపాలా?

డ్రైవర్ల మధ్య ఎడతెగని వాదం ఇది. మొదటి ఏడాది డ్రై వ్యాన్ నడపమనేవారి మాట సూటిగా ఉంటుంది: ఇరుకు గేట్లలో వెనక్కి తీసుకోవడం, మంచు మీద నడపడం, గంటల లెక్క చూసుకోవడం, నిద్ర, దారి, ఇన్ని ఒకేసారి నేర్చుకునే మనిషి నెత్తిన గొలుసులు కూడా పెట్టవద్దు, డ్రై వ్యాన్‌లో జరిగే తప్పు సాధారణంగా ఒక డెంటు, ఫ్లాట్‌బెడ్‌లో జరిగే తప్పు వెనుక కారు అద్దంలోంచి దూసుకెళ్లే దూలం కావచ్చు. నేరుగా ఫ్లాట్‌బెడ్‌లోకి వెళ్లమనేవారు ఎదురు వాదం వినిపిస్తారు: సరుకు గురించి ఆలోచించే అలవాటు మొదటే పడాలి, ఏడాది పాటు తలుపు మూసి వెళ్లిపోయిన చేతికి రోజుకు మూడుసార్లు దిగి పట్టీ తట్టి చూడడం బరువుగా తోస్తుంది. పైగా మొదటి ఏడాది ప్రమాదమో, బిగింపు ఉల్లంఘనో జరిగితే అది ఎక్కడ జరిగినా డ్రైవరు రికార్డులో చేరుతుంది. ప్రమాదాలు అయిదేళ్లు, తనిఖీ ఫలితాలు మూడేళ్లు నియామక కంపెనీలకు కనిపిస్తాయి.

రెండు వాదాలూ శిక్షణ ఎలా ఉంటుందన్న దాని మీదే ఆధారపడి ఉన్నాయని గమనించాలి. వారం రోజులు నేల మీద దిమ్మలతో, నకిలీ సరుకుతో కట్టించి, ఆపై కొన్ని వారాలు శిక్షకుడి పక్కన నిజమైన కలప, ఉక్కు లోడ్లు కట్టించే కంపెనీలో మొదటి వాదం బలం తగ్గుతుంది. రెండు రోజుల వీడియోలు చూపించి తాళాలిచ్చే చోట రెండో వాదానికి నిలబడే చోటుండదు. ఇక డ్రై వ్యాన్‌లో గడిపిన ఏడాదిని ఫ్లాట్‌బెడ్ కంపెనీలు డ్రైవింగ్ అనుభవంగా గుర్తిస్తాయి, బీమా అడ్డు చాలాచోట్ల తొలగుతుంది, రేటు కాస్త పెరగవచ్చు. అయినా ఆ డ్రైవరు చేరిన మొదటి సోమవారం కూర్చునేది, నిన్ననే స్కూలు ముగించి వచ్చినవాళ్లతో కలిసి, పట్టీ మీది చీటీ ఎలా చదవాలో చెప్పే తరగతిలోనే.